భూతద్దమ్మ సాక్షి చేప

భూతద్దమ్మ పాల ప్యాకెట్టును కత్తిరించే ముందు వెలుతురుకు ఎత్తి చూస్తుంది. కత్తిరించాక వాసన చూస్తుంది. కాచాక ఒక చుక్క గోటి మీద వేసుకుని, జారుతుందా నిలుస్తుందా అని చూస్తుంది. ఇన్ని పరీక్షలు నెగ్గిన పాలతో పెట్టుకున్న టీని కూడా మొదటి గుక్క అనుమానంగానే తాగుతుంది. పక్కింటావిడ "బాగున్నారా?" అని పలకరిస్తే, ఈవిడకు ఉన్నట్టుండి నా మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందా అని సాయంత్రం దాకా ఆలోచిస్తుంది.

ఆ పేరు అమ్మానాన్నలు పెట్టింది కాదు. ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లు మైక్రోస్కోపు ముందు కూర్చుని, రక్తపు స్లైడ్లలో మలేరియా పురుగును వెతికినందుకు వచ్చింది. మిగతావాళ్లు స్లైడులో ఇరవై ముప్పై చోట్ల చూసి "లేదు" అని రాసి పంపేసేవాళ్లు. ఈవిడ నూరు చోట్ల చూస్తేగాని కలం పట్టేది కాదు. పట్టినా "లేదు" అని రాయదు, "కనబడలేదు" అని రాస్తుంది. "లేదని చెప్పడానికి నేనెవర్ని? నాకు కనబడలేదు, అంతే," అనేది. డాక్టర్లు విసుక్కున్నారు, తోటివాళ్లు భూతద్దం అన్నారు. ఒకసారి అందరూ బాగుందని వదిలేసిన ఓ పసివాడి స్లైడులో తొంభై మూడో చోట పురుగును పట్టేసరికి, ఆ భూతద్దానికి "అమ్మ" కూడా చేరింది. పెళ్లి మాత్రం చేసుకోలేదు. వచ్చిన ప్రతి సంబంధంలోనూ ఆవిడకు ఏదో ఒకటి కనబడింది.

రిటైరయ్యాక, ఆసుపత్రివాళ్లు పాత సామానులో పడేయబోతున్న మైక్రోస్కోపును బాగు చేయించుకుని ఇంటికి తెచ్చుకుంది. తెచ్చుకుని ఏం చూడాలో తెలియక కొన్నాళ్లు బియ్యం కడిగిన నీళ్లు చూసింది. ఆవిణ్ణి చేపల్లోకి లాగినవాడు అన్నయ్య. ఆయనకు ముందు గదిలో నిలువెత్తు అక్వేరియం, అందులో మూరెడు జెల్ల చేప ఉండేవి. ఒంటి మీద ఒక్క పొలుసు లేని నల్లటి జెల్ల. మూతికి ఇటు మూడు, అటు మూడు మీసాలు. నీటిలోంచి పైకి తీస్తే గుర్రుమనేది. ఇంట్లో దాన్ని మీసాలాయన అనేవాళ్లు. "ముప్పై ఏళ్లు మనుషుల రక్తం చూశావు. ఒక్కసారి నా చేప జిగురు చూడవే, రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటోంది," అన్నాడు అన్నయ్య. చూసింది. పురుగు దొరికింది. చేప బతికింది. ఆ దెబ్బతో ఆవిడకు రెండో ఉద్యోగం మొదలైంది.

పళ్ల డాక్టరు వెయిటింగ్ గదిలో ఉన్న తొట్టి, బ్యాంకు మేనేజరు అద్దాల గదిలో ఉన్న తొట్టి, పై అంతస్తు లెక్కల మాస్టారి తొట్టి. ఎక్కడ జెల్ల మూలకు నక్కినా భూతద్దమ్మకు కబురు వచ్చేది. ఆవిడ వచ్చిందంటే ముందుగా ఇంటిల్లిపాదీ చేతులు కడుక్కోవాలి. "మోచేతుల దాకా," అనేది గుమ్మంలో నిలబడి. సబ్బు నురగ మోచేయి దాటకపోతే తొట్టి దగ్గరికి రానిచ్చేది కాదు. బ్యాంకు మేనేజరు చొక్కా చేతులు పైకి మడిచి, బుద్ధిమంతుడిలా రెండుసార్లు కడుక్కున్నాడు.

పని మాత్రం చూసి తీరాల్సిందే. చేపను తడిబట్టలో ఒడుపుగా పట్టుకుని, చెంప రెక్క వెనక నుంచి తోక వైపుకు సన్నటి గాజుపలకను ఒక్కసారి లాగుతుంది. అంటుకున్న జిగురును అదే తొట్టి నీటిచుక్కలో వేసి, ఆరకముందే లెన్సు కింద పెడుతుంది. కుళాయి నీళ్లయితే అందులోని క్లోరినుకు పురుగు చచ్చి కనబడకుండా పోతుందని, ఎవరు గ్లాసు అందించినా "ఇవి ఏ నీళ్లు?" అని అడగందే ముట్టదు. అక్కడితో ఆగదు. లవంగ నూనె కలిపిన నీటిలో చేపను కాసేపు మత్తుగా ఉంచి, మొప్పలోని ఎర్రపోగు కొసను ఇసుక రేణువంత కత్తిరించి అదీ చూస్తుంది. "జెల్ల చర్మం అబద్ధం ఆడుతుంది. ఒంటి మీద ఒక్క మచ్చ ఉండదు, మొప్పలో సంత ఉంటుంది," అనేది. తెల్లచుక్కల పురుగు దొరికితే ఆవిడ మొహం వెలిగిపోయేది. గుండ్రంగా, ఒళ్లంతా నూగుతో, కడుపులో గుర్రపు లాడం ఆకారం పెట్టుకుని, అది తీరిగ్గా దొర్లుతుంటుంది. దొంగ దొరికితే పోలీసుకు ఎంత ఆనందమో ఆవిడకు అంత ఆనందం.

వైద్యం చేశాక తొట్టి నిజంగా శుభ్రపడిందో లేదో తేల్చడానికి ఆవిడ సొంత పద్ధతి ఒకటి పెట్టుకుంది. ఆవిడ దగ్గర బొటనవేలంత చిన్న జెల్ల ఒకటి ఉండేది. పేరు సాక్షి. ఐదేళ్ల కిందట ఓ చేపల దుకాణంలో తెల్లచుక్కలు సోకి తొట్టెడు చేపలు పోతే, ఇదొక్కటే బతికి బయటపడింది. జాలిపడి తెచ్చుకుంది. పడగ్గదిలో కిటికీ పక్కన గాజు డబ్బాలో ఒక్కతే ఉండేది. వైద్యం పూర్తయిన తొట్టిలో సాక్షిని వారం రోజులు వదిలేది. వారం తర్వాత దాని ఒంటి జిగురు చూసేది. పురుగు లేకపోతే తొట్టి శుభ్రమని రిజిస్టరులో సంతకం పెట్టేది. పాలను నమ్మని మనిషి, పక్కింటావిణ్ణి నమ్మని మనిషి, సాక్షిని మాత్రం నమ్మింది. రోజూ పొద్దున్నే దాంతో నాలుగు మాటలు మాట్లాడేది కూడా.

అన్నయ్య పోయి ఏడాది దాటింది. మీసాలాయన వదిన దగ్గరే ఉండిపోయాడు. వదిన బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. అక్వేరియానికి ఎదురుగానే కుట్టుమిషను. ఆవిడ తొక్కడం మొదలుపెడితే మీసాలాయన గాజు దగ్గరికొచ్చి మీసాలు ఆనించేవాడు. ఆడపడుచు అర్ధమొగుడు అన్న మాట ఊరికే పుట్టలేదు కదా. అన్నయ్య ఉన్నంతకాలం వదినా ఆడపడుచులు ఒకరి వంటకు ఒకరు వంకలు పెట్టుకుంటూ, పైకి నవ్వుకుంటూ నెట్టుకొచ్చారు. ఆయన పోయాక మధ్యలో మిగిలింది ఆ చేప ఒక్కటే. అన్నయ్య చేత్తో మేత తిన్న ప్రాణి లోకంలో అదొక్కటే మిగిలిందని భూతద్దమ్మకు తెలుసు. అందుకే అది వదిన ఇంట్లో ఉండటం ఆవిడకు ఎప్పుడూ కొంచెం ముల్లులా గుచ్చుకునేది.

ఒకరోజు వదిన ఫోను చేసింది. "మీసాలాయన తినట్లేదు. రాళ్లకేసి రుద్దుకుంటున్నాడు."

భూతద్దమ్మ మైక్రోస్కోపు పెట్టెతో ఆటో ఎక్కి వచ్చింది. వదిన చేత మోచేతుల దాకా కడిగించింది. జిగురులో పురుగులు, మొప్పలో అంతకు రెట్టింపు. లెన్సు మీద నుంచి తల ఎత్తకుండానే విచారణ మొదలుపెట్టింది.

"కొత్త చేప ఏమైనా తెచ్చావా వదినా?"

"లేదు."

"నీటి మొక్క?"

"లేదు."

"పోనీ, ఎవరైనా తొట్టిలో చెయ్యి పెట్టారా?"

"నేను పెట్టాను. మేత వెయ్యాలిగా!"

రిజిస్టరులో భూతద్దమ్మ "ఏమీ తేలేదు" అని రాయలేదు. "ఏమీ తేలేదని చెబుతోంది" అని రాసింది.

హీటరు పెట్టి పూటకొక డిగ్రీ చొప్పున నీటి వేడి ముప్పైకి పెంచారు. జెల్లకు పొలుసులు లేవు గనుక మందు సూటిగా ఒంటికి తగులుతుంది, అందుకని మామూలు చేపకు వేసే దాంట్లో సగమే వెయ్యాలి. పురుగు చర్మం కింద ఉన్నప్పుడు మందు దాని దరికి పోదు. అది రాలి అడుగున పడి, వందలుగా పగిలి, మళ్లీ చేపను వెతుక్కుంటూ ఈదేటప్పుడే చావాలి. కాబట్టి ఒక్క పూట మానినా అంతా మొదటికొస్తుంది. భూతద్దమ్మ ఇదంతా వదినకు రెండుసార్లు చెప్పి, మూడోసారి కాగితం మీద రాసిచ్చి, అప్పటికీ నమ్మకం చాలక, వదిన వంటింట్లోకి వెళ్లినప్పుడు మందు సీసా మీద, వైద్యం అయ్యేసరికి మందు ఎక్కడిదాకా తగ్గాలో అక్కడ పెన్సిలుతో సన్నగా ఒక గీత గీసింది.

రెండు వారాలకు మీసాలాయన తేరుకున్నాడు. మందు సీసాలో ఎంత తగ్గాలో సరిగ్గా అంతే తగ్గింది. ఇంత కచ్చితంగా ఎలా తగ్గిందా అని భూతద్దమ్మకు కొత్త అనుమానం పట్టుకుంది. పారబోసి లెక్క సరిచేసిందేమో! సరే, సాక్షి తేలుస్తుందిలే అని దాన్ని తెచ్చి వదిలింది. వారం తర్వాత జిగురు చూసింది. శుభ్రం. సాక్షిని డబ్బాలో పెట్టుకుని వెళ్లిపోయింది.

పది రోజులు తిరిగేసరికి మీసాలాయన మళ్లీ రాళ్లకేసి రుద్దుకోసాగాడు.

ఈసారి భూతద్దమ్మ ఎవరినీ వదల్లేదు. మేత అమ్మేవాడి పొట్లం విప్పి లెన్సు కింద పెట్టింది. గిన్నెలు తోమే మనిషిని, తోమిన చేత్తో తొట్టి ముట్టుకున్నావా అని మూడు రకాలుగా అడిగింది. ఆ మనిషి "నాకు చేపలంటేనే భయమమ్మా" అంటే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందని గొణిగింది. మళ్లీ వేడి, మళ్లీ సగం మందు, మళ్లీ సాక్షి, మళ్లీ సంతకం. మళ్లీ పది రోజులు.

మూడోసారి చూసేసరికి మీసాలాయన పక్కకు ఒరిగి, నోరు తెరిచి ఊపిరి లాగుతున్నాడు. మీసాల కొసలు తెగిపోయాయి. ఈ వయసులో ఇంకో దెబ్బ తగిలితే దక్కడని భూతద్దమ్మకు అర్థమైంది. భయం కోపమై బయటికొచ్చింది.

"నిజం చెప్పు వదినా. నీకు దీన్ని వదిలించుకోవాలని ఉంది. తొట్టి కడగలేక, నీళ్లు మోయలేక, పోతే పోనీ అనుకుంటున్నావు."

వదిన కుడుతున్న నిక్కరు మిషను మీదే వదిలేసింది. "నోటికి ఎంత మాట వస్తే అంత అనెయ్యడమేనా?"

"రెండుసార్లు శుభ్రం చేసిచ్చాను. రెండుసార్లూ నీ చేతిలో పాడైంది. ఆదివారం బకెట్టు తెస్తాను. మా ఇంటికి తీసుకుపోతాను. నా కళ్ల ముందుంటే బతుకుతుంది."

"అది వెళ్లిపోతే ఈ ఇంట్లో ఇంకేముంది?" అంది వదిన. "మిషను ఆపితే నాకు మనిషి చప్పుడు లేదు. నీళ్లు మార్చేటప్పుడు అదొక్కటే గుర్రుమంటుంది. దాన్ని కూడా పట్టుకుపో."

ఆ మాట భూతద్దమ్మకు తగిలింది. తగిలినా, నటిస్తోందేమో అనుకుంటూనే మెట్లు దిగింది.

ఆదివారం పొద్దున మూత ఉన్న పెద్ద బకెట్టు, గాలి పంపు తీసుకుని వచ్చింది. వదిన తలుపు తీసి, పక్కకు తప్పుకోలేదు. చేతిలో గోడ క్యాలెండరు ఉంది. ఏ బడివాళ్లకు ఏ రోజు బట్టలివ్వాలో రాసుకునే క్యాలెండరు అది. ఆ గళ్లలోనే మీసాలాయన సంగతులూ రాసుకుంటోంది.

"నీ రిజిస్టరు నువ్వు చూసుకున్నావు. నాది కూడా ఒకసారి చూడు," అంది. కుట్టుపని చేసే గట్టి వేలితో ఒక గడి మీద పొడిచింది. "ఇక్కడ సాక్షి వచ్చి వెళ్లింది. పది రోజులకు రుద్దుకోవడం. ఇక్కడ మళ్లీ సాక్షి. మళ్లీ పది రోజులు."

"అది తొట్టి శుభ్రమైందో లేదో చూడ్డానికి వచ్చింది. శుభ్రం కాకపోతే తప్పు దానిదా?"

"మరి మొదటిసారి?" వదిన రెండు కాగితాలు వెనక్కి తిప్పింది. "నువ్వు మీ పాత నర్సమ్మ కూతురి పెళ్లికి వెళ్తూ, ఒంటరిగా ఉంటుందని సాక్షిని నాలుగు రోజులు ఎక్కడ వదిలి వెళ్లావు? నా తొట్టిలో. అప్పటిదాకా మీసాలాయనకు ఏ జబ్బూ లేదు. ఈ ఏడాదిలో ఈ నీళ్లలోకి కొత్తగా దిగింది అదొక్కటే."

భూతద్దమ్మ ఆ గడిని చూసింది. "ఆడపడుచు ఊరెళ్లింది. సాక్షి ఇక్కడే," అని గుండ్రటి అక్షరాలు. అది పని కాదు కనుక ఆవిడ రిజిస్టరులో లేదు. లేదు కనుక ఆవిడకు గుర్తు లేదు.

"ప్రతిసారీ దాని జిగురు చూశాను," అంది.

"మొప్ప చూశావా?"

భూతద్దమ్మ ఖాళీ బకెట్టు పట్టుకుని వచ్చిన ఆటోలోనే వెనక్కి వెళ్లిపోయింది. దారి పొడుగునా వదినను తిట్టుకుంది. చేప మొప్ప గురించి బట్టలు కుట్టే మనిషి తనకు పాఠం చెప్పడమా! ఇల్లు చేరేసరికి తిట్లు అయిపోయాయి.

రిజిస్టరు తీసింది. పళ్ల డాక్టరు తొట్టి: సాక్షిని వదిలింది, శుభ్రమని సంతకం పెట్టింది, పదకొండో రోజున మళ్లీ చుక్కలు. కారణం దగ్గర "కాంపౌండరు నిర్లక్ష్యం" అని ఉంది. బ్యాంకు తొట్టి: తొమ్మిదో రోజున మళ్లీ. కారణం దగ్గర "మేనేజరు చేతులు". లెక్కల మాస్టారు తన తొట్టిలో వేడి ఎక్కువగా ఉంచేవాడు, అందుకే కాబోలు తప్పించుకుంది. ఆ తర్వాత ఆవిడ కంటికి ఇంకొకటి తగిలింది. ఐదేళ్ల పేజీల్లో ప్రతి చేప పేరుకు ఎదురుగా "కనబడలేదు" అని ఉంది. సాక్షి పేరుకు ఎదురుగా మాత్రం ప్రతిచోటా "లేదు" అని ఉంది. రాసింది తనే. అక్షరాలు కూడా తీరుబడిగా, ముద్దుగా ఉన్నాయి.

చిన్న ప్రాణి, మొప్ప కత్తిరిస్తే తట్టుకోలేదు అనుకుంటూ వచ్చింది ఇన్నాళ్లూ. లెక్కల మాస్టారి తొట్టిలో ఇంతకంటే చిన్నదాని మొప్ప కత్తిరించిన చెయ్యే ఇది. అదీ గుర్తొచ్చింది.

లవంగ నూనె ఒక్క చుక్క వేసింది. సాక్షి పక్కకు ఒరగ్గానే "కాసేపేనే అమ్మా," అంటూ తడిబట్టలోకి తీసుకుంది. ఇసుక రేణువంత ఎర్రపోగు. స్లైడు. లెన్సు. వందో చోటు దాకా వెళ్లే పని పడలేదు. ఏడో చోటనే గుర్రపు లాడం తీరిగ్గా దొర్లుతోంది. పదమూడో చోట ఇంకొకటి. తొట్టెడు చేపల్ని చంపిన జబ్బును తట్టుకుని బతికింది కదా ఈ పిల్ల! ఒళ్లు గట్టిపడి జబ్బు పైకి తేలలేదు, మొప్పల్లో నాలుగు పురుగులు కాపురం పెట్టి ఉండిపోయాయి. ఇంట్లో రెండో చేప లేదు కాబట్టి ఎవరికీ అంటలేదు, ఎవరికీ తెలియలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను ఈవిడ స్వయంగా డబ్బాలో పెట్టుకుని ఇల్లిల్లూ తిప్పింది.

భూతద్దమ్మ ఏడ్చింది. చేప కోసమా, వదినను అన్న మాటల కోసమా అని అడిగితే ఆవిడ కూడా చెప్పలేదు. ఏడ్చాక, సాక్షి మత్తు దిగి లేచి ఈదేదాకా పక్కనే కూర్చుంది. దాని డబ్బాలోనూ హీటరు పెట్టింది, సగం మందు వేసింది. ఎన్నాళ్లు చేసినా ఇక అది గడప దాటదు.

మర్నాడు పొద్దున మైక్రోస్కోపు, తడి ఆరకుండా మూసిన కొత్త స్లైడు పట్టుకుని వదిన గుమ్మంలోకి వెళ్లింది. బకెట్టు తేలేదు. ఉపోద్ఘాతం లేకుండా మిషను బల్ల మీద మైక్రోస్కోపు పెట్టి, స్లైడు అమర్చి, "చూడు," అంది. ఇన్నేళ్లలో ఆ లెన్సులో ఇంకొకరిని చూడనిచ్చింది అదే మొదలు. వదిన ఒక కన్ను మూసి, కాసేపు తంటాలు పడి, పట్టింది.

"దొర్లుతోందే! ముద్దుగా ఉంది."

"సాక్షి మొప్పలోది. నేనే తెచ్చాను వదినా. మూడుసార్లూ నేనే తెచ్చి పోశాను. పోసి, నిన్ను అన్నాను."

వదిన లెన్సు మీద నుంచి తల ఎత్తింది. "నేనూ తక్కువేం తినలేదులే. నువ్వే కావాలని ఏదో కలుపుతున్నావనుకున్నాను, మీసాలాయన్ని పట్టుకుపోవడానికి. నువ్వు వెళ్లాక నీ మందు సీసా వాసన కూడా చూశాను."

"గీత చూశావా?"

"చూశాను. గీత దాటకుండా వేశాను."

ఇద్దరూ నవ్వలేదు. నవ్వే స్థితిలో మీసాలాయన లేడు. అడుగున ఒరిగి ఊపిరి లాగుతున్నాడు. నాలుగు రోజులు భూతద్దమ్మ అక్కడే ఉంది. ఒకరు వేడి చూస్తే ఒకరు అడుగున రాలినదాన్ని పైపుతో లాగేసేవాళ్లు. మధ్యలో ఒక పూట బయటికి వెళ్లి పళ్ల డాక్టరుకు, బ్యాంకు మేనేజరుకు, "జబ్బు నా చేపది. మీ కాంపౌండరుది కాదు, మీ చేతులది కాదు," అని చెప్పి వచ్చింది. చేపల దుకాణంలో కూడా అడుగుపెట్టి చెప్పింది, అక్కడ ఎవరూ ఏమీ అడక్కపోయినా.

ఐదో రోజున మీసాలాయన వదిన వేలు తాకాడు. పదో రోజున మేత అందుకున్నాడు. ఈసారి సాక్షి లేదు, సంతకం లేదు. తొట్టి శుభ్రపడిందని ఎలా తెలుస్తుందని వదిన అడిగితే, "నీ క్యాలెండరులో రాస్తూ ఉండు," అంది భూతద్దమ్మ. వదిన రోజుకో గడి నింపింది. ఇరవై, ముప్పై, నలభై.

నలభై ఒకటో రోజున భూతద్దమ్మ చూడ్డానికి వచ్చింది. చేతిలో డబ్బా లేదు. లోపల మిషను చప్పుడు ఆగింది. వదిన తలుపు తెరిచి, గుమ్మానికి అడ్డంగా నిలబడి, సబ్బు పెట్టె చాచింది.

"మోచేతుల దాకా," అంది.

భూతద్దమ్మ పైట నడుముకు దోపుకుని, జాకెట్టు చేతులు పైకి లాక్కుని, కుళాయి తిప్పింది. నురగ మోచేతులు దాటింది. వదిన ఇంకోసారి అన్నట్టు చూసింది. భూతద్దమ్మ ఇంకోసారి కడుక్కుంది.